బుల్లయ్య అడుగులు ఇరవై ఒక్క వేలు

చీరాల,
జూన్ 14, శనివారం.

ఉదయా,

చేతిలో ఫోను పెట్టుకుని మా వదిన ఉత్తరం రాస్తోందేంటి అని నవ్వుకుంటావు. నవ్వుకో. మన ఇల్లెంతని? వంటింట్లో నేను గొణిగితే మగ్గం గుంటలో కూర్చున్న మీ అన్నకి వినపడుతుంది. ఆయన వినకూడని మాటలు నీకు చెప్పాలంటే ఇదొక్కటే దారి. శనివారం శనివారం బస్సు పార్సిల్లో మీ ఆఫీసుకొచ్చే రిజిస్టరు సంచిలో, అట్ట లోపల పెడుతున్నా. నువ్వూ ఖాళీ రిజిస్టరు పంపేటప్పుడు అక్కడే పెట్టు.

నువ్వు అప్పజెప్పిన పని బాగానే చేస్తున్నా. దీపాలు పెట్టే వేళకి అరవై రెండు గడపలూ తిరిగి, నేతగాళ్ళ చేతులకి మీరు కట్టిన బ్యాండుల్లో ఎన్ని అడుగులు పడ్డాయో చూసి రాసుకుంటున్నా. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి వీధిలో మగాళ్ళందరి చేతులూ నాతో పట్టించావు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు!

వీధిలో ఇంక వేరే మాట లేదనుకో. "ఏరా, నీకెన్ని వేలు?" అంటే "నీకెన్ని?" అని. మీ అన్నకి రోజూ పద్నాలుగు వేలకి తగ్గట్లేదు. పక్కింటి బుల్లయ్య మామకి, అదే మీ బాబాయ్‌కి, పద్దెనిమిది వేలు. గుంటలో కూర్చుని నేసేవాళ్ళకి ఇన్ని అడుగులెక్కడివి మామా అని అడిగా. "పొద్దున్నుంచీ తొక్కుడు చెక్కలు తొక్కుతూనే ఉంటిమి, అది నడక కాదంటే ఎట్టా? మా కాళ్ళ కష్టం ఇన్నాళ్ళకి ఒక మిషను ఒప్పుకుందమ్మాయ్" అన్నాడు. ముఖం వెలిగిపోయిందనుకో.

నా భయం నీకు తెలియనిది కాదు. మామగారు నలభై ఏడో ఏట ఇదే గుంటలో, చేతిలో తాడు అలా ఉండగానే పక్కకి ఒరిగిపోయారు. మీ అన్నకి వచ్చే మాఘానికి నలభై ఏడు. ఆయన రక్తంలో చెడ్డ కొవ్వు నూట ఎనభై ఎనిమిది ఉందని నువ్వు చెప్పిన రోజునుంచీ నా పరిస్థితి ఏంటంటే, మగ్గం చప్పుడు ఆగితే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి వచ్చి గుంటలోకి తొంగి చూస్తున్నా. దారం తెగి ముడేసుకుంటుంటాడు. "ఏంటే దయ్యంలాగా" అని కసురుతాడు. కసిరితే నాకు ప్రాణం లేచొస్తుంది.

మాత్రల సంగతి నేను చూసుకుంటున్నాలే.

నీ వదిన,
మాధవీలత


గుంటూరు,
జూన్ 21.

వదినా,

నా గది పక్కనే మిరపకాయల గోడౌను. కిటికీ తీసి నీ ఉత్తరం చదువుతుంటే కళ్ళమ్మట నీళ్ళు. మిరప ఘాటుకో, నాన్న మాట రాసినందుకో తెలీలేదు.

అంకెలు చూసి మా నగ్మా మేడమ్ ఎంత సంతోషపడిందో! ఈ పరిశోధన మొదలుపెట్టిందే ఆవిడ. కూర్చుని పనిచేసేవాళ్ళ ఒంట్లో కొవ్వూ చక్కెరా పేరుకుంటాయి, వాళ్ళని నడిపిస్తే ఎంత తగ్గుతాయో చూడాలని. రోజుకి ఎనిమిది వేల అడుగులు వేయిస్తే గొప్పే అనుకున్నాం. మన వీధి దానికి రెట్టింపు చూపిస్తోంది. తొక్కుడు చెక్కల మాట చెప్తే, "కాలి పని కాలి పనే, రాసుకో" అంది.

నీకొక్కదానికే ఒక మాట. చేర్చుకునే ఫారంలో 'ఉద్యోగులకు బంధువా' అని ఒక గడి ఉంటుంది. బంధువుల్ని చేర్చకూడదు. అన్న ఫారంలో 'కాదు' అని నేనే రాశాను. మన ఇంటిపేరు వాళ్ళు సగం వీధి ఉన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తప్పే. కానీ మూణ్ణెల్లకోసారి రక్తపరీక్ష, పెద్ద డాక్టరు చూడటం... నాన్నకి లేకపోయింది, అన్నకైనా ఉండాలనిపించింది.

మాత్ర మాత్రం మానకూడదు వదినా. మనింట్లో ఈ కొవ్వు రక్తంలోనే వస్తోంది. నడకతో తగ్గేది కొంతే, మిగతాది మాత్రే చెయ్యాలి. రోజూ వేసుకుంటున్నాడు కదా?

ఉదయశ్రీ


చీరాల,
జూలై 5.

ఉదయా,

ఎక్కువ అడుగులు పడ్డవాళ్ళకని మీవాళ్ళు పంపిన మొదటి బహుమతి, ఆ స్టీలు క్యారేజీ, బుల్లయ్య మామకే వచ్చింది. ఇరవై వేలు దాటేశాడు. మీ పిన్ని, వెంకటేశ్వరమ్మ అత్త, ఆనందం చూడాలి నువ్వు! మా ఆయన ముసలోడైపోయాడన్నారు, చూడండి కుర్రాళ్ళని ఎలా మట్టి కరిపించాడో అని పంపు దగ్గర ఒకటే గొప్పలు. నిన్న ఆ క్యారేజీ నిండా గోంగూర పప్పు, అన్నం పెట్టి మా ఇంటికి పంపింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని నేను అరిసెలు పెట్టి పంపా. అప్పట్నుంచీ అది రెండిళ్ళ మధ్యా తిరుగుతూనే ఉంది. దానికి కడితే సరిపోయేది బ్యాండు.

మీ అన్నని సాయంత్రం పూట కాస్త స్టేషను దాకా నడిచి రమ్మంటే ఒప్పుకోడు. "చేతిలో ఏమీ లేకుండా వీధిలో ఊరికే నడిస్తే పని లేనోడంటారు. అయినా నా పద్నాలుగు వేలు చాల్లేదా?" అంటాడు. నేతగాడు గడప దాటితే భుజాన చీరల మూటన్నా ఉండాలి, చేతిలో నూలు చుట్టన్నా ఉండాలి. నీకు తెలీదా ఈ వీధి.

ఆయన బాగానే ఉన్నాడు.

మాధవి


గుంటూరు,
జూలై 19.

వదినా,

రెండో రక్తపరీక్ష కాగితాలొచ్చాయి. అన్న కాగితం రెండుసార్లు చూశాను. నూట ఎనభై ఎనిమిది ఉన్నది రెండు వందల పన్నెండయింది. రోజుకి పద్నాలుగు వేలు నడిచి, మాత్ర వేసుకునే మనిషికి పెరగడమేంటి?

నిజం చెప్పు. పోయిన ఉత్తరంలో నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. గోంగూర పప్పు రాశావు, అరిసెలు రాశావు. మాత్ర వేసుకుంటున్నాడా, లేదా? నా దగ్గర దాచి నువ్వు బాగుచేసేదేంటి చెప్పు! కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది.

ఉదయ


చీరాల,
జూలై 26.

ఉదయా,

తిట్టు. పడతాను. మీ అన్న మాత్రలు మానేసి రెండు నెలలయింది.

కండెల బుట్ట అడుగున దాచాడు. పోయిన నెల్లో బుట్ట దులుపుతుంటే జలజలా రాలాయి. నిలదీస్తే నీ మాటే నాకు అప్పజెప్పాడు. బ్యాండులు కట్టిన రోజు చేనేత సొసైటీ వరండాలో నువ్వు మైకులో అన్నావట కదా, "రోజూ పదివేలు నడిచినవాళ్ళ గుండెకి ఢోకా లేదు" అని. "నా చెల్లెలు చదువుకుంది, ఊరికే చెప్తుందా? నాకు పద్నాలుగు వేలు వస్తుంటే ఈ మందెందుకు?" అన్నాడు. ఒకరిని చూసి ఒకరు. బుల్లయ్య మామ కూడా మానేశాడు. ఆయన మీ అన్నకంటే ముందే మానేశాడు. మీ అన్న మానేశాడని నీకు చెప్తే నువ్వు బాధపడతావని నేనే సర్దుకొచ్చాను. అది నా బుద్ధి తక్కువ.

ఇంకోటి ఉంది. పోయిన వారం మీ అన్న చీరలు అందించి వస్తూ స్టేషను వంతెన మెట్లు సగం ఎక్కి గుండె పట్టుకుని కూర్చున్నాడు. చెమటలు. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. నోటితో చెప్పనన్నాను, రాయనని అనలేదు.

అసలు సంగతి ఇప్పుడు విను. నిన్న ఆయన స్నానానికెళ్తూ బ్యాండు తీసి దండెం మీద పెడితే, ఎందుకో నా కుడిచేతికి కట్టుకున్నా. బాసింపట్టు వేసుకుని కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టా. గంట సేపు కూర్చున్నచోట నుంచి కదల్లేదు. కాలివేలు కూడా కదల్లేదు. తీసి చూద్దును కదా, రెండు వేల నూట నలభై అడుగులు!

అది కాలిని లెక్కపెట్టట్లేదే అమ్మాయ్. చేతిని లెక్కపెడుతోంది. నేసేటప్పుడు నాడెని అటూ ఇటూ పంపే తాడు లాగే చేతికే అందరూ కట్టుకున్నారు. లాగినప్పుడల్లా ఒక అడుగు. మీ అన్న పద్నాలుగు వేలూ, బుల్లయ్య మామ ఇరవై వేలూ, అంతా కూర్చున్న లెక్కే.

మాధవి


గుంటూరు,
జూలై 29.

వదినా,

నిన్న ఫోన్లో అన్నని నేను తిట్టిన తిట్లు నువ్వు వినే ఉంటావు. ఈ వారమే ఇక్కడికి రమ్మన్నాను. గుండె డాక్టరుకి చూపిస్తాను, ఖర్చు గొడవ నాకొదిలెయ్యి. మాత్ర మాత్రం ఈ రోజునుంచే నీ చేత్తో నోట్లో వెయ్యి. మింగాక నోరు తెరిపించి చూడు.

బ్యాండు సంగతి నువ్వు రాసింది చదివి, ఆఫీసులో ఒకటి కట్టుకుని ఊరికే చెయ్యి ఊపి చూశాను. నిజమే. మగ్గాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, తాడు లాగే చెయ్యి నా కళ్ళకి ఎందుకు ఆనలేదో! తొక్కుడు చెక్కలని మీరు నమ్మారు, నేనూ నమ్మాను. ఆ మైకులో చెప్పిన మాట కూడా నాదే. ఉషారు చేద్దామని అన్నాను. ఏ పుస్తకంలోనూ అలా లేదు.

నీకు దణ్ణం పెడతాను వదినా, ఒక్క సాయం చెయ్యి. అన్నకి చెప్పు. ఇంకెవరికీ ఇప్పుడే చెప్పొద్దు. ఈ తప్పు బయటపడితే మేడమ్ ప్రతి ఫారం తిరగేస్తుంది, అన్న ఫారంలో నేను రాసిన అబద్ధం దొరుకుతుంది. ఆగస్టు ముప్పైన మా కాంట్రాక్టులు పొడిగిస్తారు. అది కాగానే నేనే నోరు తెరిచి చెప్తాను. నెల రోజులే కదా. నాకున్నది ఈ ఉద్యోగం ఒక్కటే.

ఉదయ


చీరాల,
ఆగస్టు 16.

ఉదయా,

మీ అన్న మాత్ర వేసుకుంటున్నాడు. మీ డాక్టరు ఇచ్చిన ఇంకో రెండు కూడా. నడుస్తున్నాడు కూడా, ఎలాగో చెప్తే నవ్వుతావు. ఖాళీ చేతుల్తో నడవలేనని పాత దుప్పట్లు రెండు చీరల మూటలా కట్టి భుజానేసుకుంటాడు. పొద్దున్నే ఆ మూటతో వేటపాలెం రోడ్డు దాకా వెళ్ళి, అదే మూటతో తిరిగొస్తాడు.

మొదట నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లేదు. ఎందుకంటే బుల్లయ్య మామ అరుగు మీద పళ్ళు తోముకుంటూ రోజూ అడుగుతున్నాడు. "ఎక్కడికిరా శివనాగరాజూ, పొద్దున్నే మూటతో?" మీ అన్న తల వంచుకుని "ఇక్కడికే బాబాయ్" అంటాడు. మొన్న ఇంటికొచ్చి మూట విసిరికొట్టి, "నాకు చెప్పిన మాట ఆయనకెందుకు చెప్పకూడదే? ఆయన నాకేమన్నా పరాయివాడా?" అని అరిచాడు. నీ ఉద్యోగం అని నేనే నోరు నొక్కాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్నాను.

నిన్న సాయంత్రం మామ అంకె రాసుకోవడానికి వెళ్ళి, ఉండబట్టలేక, "మామా, ఆ మాత్ర కూడా వేసుకోవచ్చుగా, పోయేదేముంది" అన్నాను. బ్యాండున్న చెయ్యి నా ముఖం ముందు పెట్టి, "ఇది చూసి మాట్లాడు. ఇరవై ఒక్క వేలు! మాత్రలు మీ ఆయనకి, మూటలు మోసేవాడికి" అని నవ్వాడు. అత్త కూడా నవ్వింది. నేనూ నవ్వి, ఇరవై ఒక్క వేలని రిజిస్టర్లో రాసుకొచ్చాను. మెట్లెక్కితే ఆయాసమొస్తోందని అత్తే అంది. వానలకి గుంటలో చెమ్మ, అందుకేనంది.

ఇంక నా వల్ల కాదు ఉదయా. అబద్ధమని తెలిసి రోజూ ఆ అంకె ఎలా రాయను?

మాధవి


గుంటూరు,
ఆగస్టు 23.

వదినా,

ఇంకా ఏడు రోజులు. ఏడే. బాబాయ్‌తో అన్నీ నేనే వచ్చి చెప్తాను, కాళ్ళు పట్టుకుని చెప్తాను. నిన్న మేడమ్ గది దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఏడు రోజులు ఓర్చుకో.

ఉదయ


చీరాల,
ఆగస్టు 28, గురువారం.

ఉదయా,

బుల్లయ్య మామ పోయాడు.

చవితి ముందురోజు, మంగళవారం. పదకొండు గంటలకి నేను పాలవెల్లి కడుక్కుంటున్నా. మా మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది. ఏదో తేడాగా అనిపించింది. రెండు మగ్గాలు వినపడాల్సినచోట ఒకటే వినపడుతోంది. ఇన్నాళ్ళూ మా ఇంటి చప్పుడు ఆగుతుందేమో అని చెవులు రిక్కించుకుని బతికా. పక్కింటిది ఆగింది.

గుంటలో అలాగే పక్కకి ఒరిగి ఉన్నాడు. మామగారిలాగే. మీ అన్నా ఇంకో నలుగురూ పైకి తీశారు. ఆస్పత్రి దాకా కూడా లేదు, ఆటోలోనే అయిపోయింది. చవితికి వీధిలో వేసిన పందిట్లో మైకు ఆపేశారు.

చేతికి బ్యాండు అలాగే ఉంది. ఎప్పుడూ తీయకూడదని నువ్వు చెప్పావుగా, తీయలేదు పాపం. అత్త దాన్ని చూసి ఏడ్చింది. "పదకొండు గంటలకే తొమ్మిది వేలు నడిచాడమ్మా, గుండెకి ఢోకా లేదన్నారుగా, మరెట్టా పోయాడు?" అని నన్ను పట్టుకుని అడిగింది. నా పక్కన మీ అన్న నిలబడి ఉన్నాడు.

మూణ్ణాలుగు రోజులే తక్కువైంది కదా నీ ముప్పయ్యో తారీకుకి. ఇది సంచిలో పెట్టడం లేదు, పోస్టులో వేస్తున్నా. శనివారం దాకా ఆగలేను.

మాధవీలత


గుంటూరు,
ఆగస్టు 30.

వదినా,

మంగళవారం అన్న ఫోన్ చేసి "పోయాడు" అని ఒక్క మాట అని పెట్టేశాడు. ఈ రోజు నీ ఉత్తరం అందింది. చవితి సెలవు కాగానే గురువారం పొద్దున్నే మేడమ్ ముందు కూర్చుని అన్నీ చెప్పేశాను. బ్యాండు, మాత్రలు, మైకులో నేను చెప్పిన మాట, అన్న ఫారం.

ఎన్నాళ్ళుగా తెలుసు అంది. నెల రోజులన్నాను. అప్పటికప్పుడే అరవై రెండు ఇళ్ళకీ మనుషుల్ని పంపింది. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పి, మళ్ళీ మందులు మొదలుపెట్టించమంది. ఈపాటికి మన వీధికి వచ్చే ఉంటారు. అంతా అయ్యాక నన్ను పిలిచి, "ఆ రోజే చెప్పి ఉంటే మీ అన్న పేరు ఒక్కటి కొట్టేసేవాళ్ళం ఉదయశ్రీ, అంతే. నీ ఉద్యోగం ఎక్కడికీ పోయేది కాదు" అంది. ఇప్పుడు పోయింది. దానికి నాకు ఏడుపు రాలేదు.

అంతేనా వదినా? ఒక గీత కొట్టేస్తే పోయేదానికా నేను భయపడింది?

రేపు ఆదివారం వస్తున్నా. మీ ఇంటికి కాదు. ముందు పిన్ని దగ్గరికి. తప్పు నాదని చెప్తాను. అన్నకి ముందే చెప్పామన్న మాట మాత్రం అనను. అది నా నోట రాదు. పక్కపక్క గుమ్మాలు, నువ్వు అక్కడ బతకాలి.

ఉదయ


చీరాల,
సెప్టెంబరు 6, శనివారం.

ఉదయా,

ఇంక సంచి లేదు, రిజిస్టరు లేదు. పోస్టులోనే వేస్తున్నా. ఇప్పుడు ఆయన వినకూడనిది కూడా ఏమీ లేదు, పక్కనే కూర్చుని ఉన్నాడు.

నువ్వు అత్త కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాల్సింది చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా రైలెక్కి వెళ్ళిపోయావు. నువ్వు వెళ్ళాక నన్నడిగింది. "అంటే ఆయన నడవలేదా మాధవీ?" అని. అంతే. వీధంతా గొప్పలు చెప్పుకుందిగా, దాని గురించేమో అనుకున్నాను. "లేదత్తా" అన్నాను.

మర్నాడు అన్నం వండుకుని వెళ్ళా. చావింట్లో పొయ్యి వెలిగించరుగా, రోజుకొక ఇంటినుంచి వెళ్తోంది. వాళ్ళ క్యారేజీ మా ఇంట్లోనే ఉండిపోయింది, అందులోనే సర్ది పట్టుకెళ్ళా. అత్త మూత తీయలేదు. "మీ ఆయన మూటేసుకుని నడవడం ఎప్పుడు మొదలుపెట్టాడు?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. నువ్వు దాచి వెళ్ళావు నా కోసం. కానీ నేను రోజూ ఆ గడపలో నిలబడి ఆ మనిషి చెయ్యి పట్టుకుని అంకె రాసుకున్నదాన్ని. "జూలై నెలాఖర్లో అత్తా. అప్పటికి మాకు తెలుసు" అన్నాను.

అప్పట్నుంచీ మామ పోయిన దాకా రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. తిడుతుందనుకున్నా, జుట్టు పట్టుకున్నా పడేదాన్ని. తిట్టలేదు. సాయంత్రం వాళ్ళ అమ్మాయి వచ్చి క్యారేజీ మా అరుగు మీద పెట్టి వెళ్ళింది. నేను సర్దింది సర్దినట్టే ఉంది. ఒక్క మెతుకు ముట్టలేదు.

మీ అన్నకి నిన్న మళ్ళీ రక్తం తీశారు. నూట ముప్పైకి దిగింది. డాక్టరు చాలా మంచిదన్నాడు. నేను నెత్తిన పాలు పోసినట్టు సంతోషపడాల్సింది. ఇంటికొచ్చి ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టి, మళ్ళీ తీసి బీరువాలో దాచేశా.

ఈ పొద్దున ఆయన మూట లేకుండా బయల్దేరాడు. దుప్పట్లు విప్పి మడతపెట్టి మంచం మీద పెట్టి, ఖాళీ చేతుల్తో వీధిలోకి దిగాడు. నేను గుమ్మంలో నిలబడ్డా. వెంకటేశ్వరమ్మ అత్త తమ గుమ్మం లోపల కూర్చుని ఉంది. మీ అన్న ఆ ఇంటి ముందు ఆగాడు, ఏమన్నా అంటుందేమోనని. చాలాసేపే ఆగాడు.

ఎక్కడికిరా అని ఎవరూ అడగలేదు.

మాధవి